ప్లేఫెయిర్ డిస్‌ప్లే: నాలుగు పెళ్లిళ్ల సీజన్ల తర్వాత

ముందే చెప్పేస్తున్నాను, ఈ ఫాంటు మీద ఉన్న కోపమంతా ఒక్క గీత మీదే. లావు గీతల్ని కలుపుతూ పోయే ఆ సన్నగీత. మానిటరు మీద దీని అందమంతా అందులోనే ఉంది. విజయవాడ గవర్నర్‌పేటలో స్క్రీన్ ప్రింటింగ్ ఫ్రేము ఎక్కేసరికి రోగమూ అదే.

పరిచయం అక్కర్లేని ఫాంటు ఇది. డేనిష్ డిజైనర్ క్లాజ్ ఎగ్గర్స్ సోరెన్‌సెన్ గీశారు, 2011 నుంచి ఉచితంగా దొరుకుతోంది, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి కస్టమరు పనికి వాడినా అడిగేవారు లేరు. బొటిక్, బేకరీ, బ్రైడల్ మేకప్, కొత్త వెంచర్ బ్రోచరు, ఎక్కడ ‘రిచ్ లుక్’ అన్న మాట వినపడినా చివరికి తేలేది ఇక్కడే. కస్టమర్లు పింటరెస్ట్ బొమ్మ వాట్సాప్‌లో పంపి "ఈ రాతే కావాలండీ" అంటారు. ఆ బొమ్మ ఫోన్లో వెలుగుతున్న బొమ్మ. దానికి ఇంకు లేదు, పేపరు లేదు, మెష్ (ఇంకు దిగే దారాల వల) లేదు. తగువంతా అక్కడే మొదలవుతుంది.

మంచి మాటలు త్వరగా చెప్పుకుందాం. 36 పాయింట్లు దాటాక వధూవరుల పేర్లకు దీన్ని మించిన ఉచిత ఫాంటు నాకు ఇంతవరకు దొరకలేదు. ఇటాలిక్‌లో ఉన్న ‘అండ్’ గుర్తు ఒక్కటి చాలు. రెండు పేర్ల మధ్య దాన్ని ఒకటిన్నర రెట్లు పెంచి పెడితే ఇక కార్డుకు వేరే అలంకారం అక్కర్లేదు. స్మాల్ అక్షరాల ఎత్తు ఎక్కువ, కిందికి దిగే తోకలు పొట్టి. అందుకని రెండు మూడు వరుసల టైటిల్‌ను బాగా దగ్గరగా పేర్చినా ఒకదాన్నొకటి తగలవు. ఆర్ట్ పేపరు మీద, ఒకే రంగులో, ఆఫ్‌సెట్‌లో కొట్టినప్పుడు ఏ ఫిర్యాదూ లేదు.

ఊరి పేర్లు క్యాపిటల్స్‌లో పెట్టేవాళ్లు మాత్రం కాస్త ఆగాలి. విజయవాడను ఇంగ్లిషులో రాస్తే పది అక్షరాలు, అందులో నాలుగు ‘ఏ’లే. వాటితో పాటు వీ, వై, డబ్ల్యూ. అంటే పదిలో ఏడు అక్షరాలు ఏటవాలు గీతలవి. ఈ తరహా ఫాంట్లలో ‘ఏ’కి ఎడమ కాలు సన్నం, అడ్డగీత ఇంకా సన్నం, ‘వీ’కి కుడి చెయ్యి సన్నం. పేరు సగం సన్నగీతల మీదే నిలబడుతుందన్నమాట. పైగా మొదటి మూడింట్లో ఐ, జే నిలువుగా దగ్గరగా కూర్చుంటే, వెనకున్న ఏ, వై, డబ్ల్యూల చుట్టూ త్రికోణాల ఖాళీ. ఫాంటులోని కెర్నింగ్ (జంట అక్షరాల మధ్య దూరం సర్దుబాటు) కొంత సర్దుతుంది గానీ, అక్షరాల మధ్య దూరం పెంచి 100 ట్రాకింగ్ ఇచ్చారంటే ఐ–జే జంట మళ్లీ ఇరుకుగా కనిపిస్తుంది. ఆ జంట మధ్య చేత్తో కొంచెం తెరవాలి. గుంటూరుకు ఈ ఖాళీల బెడద లేదు గానీ, ‘ఎన్’ నిలువు కాళ్లు రెండూ సన్నం, రెండు ‘యూ’ల కుడి గీతలు సన్నం. ఆరింట మూడు అక్షరాలు సన్నగీతను నమ్ముకున్నవే.

ఇక అసలు సంగతి. ఇక్కడి పెళ్లిపత్రికల పనిలో ఎక్కువ భాగం రెడీమేడ్ కార్డు తెచ్చి, దాని మీద మ్యాటరు స్క్రీన్ ప్రింటింగ్ చేయడమే. ఇంగ్లిషు వైపు పేర్లు 40 పాయింట్లు, కింద వెన్యూ, రిసెప్షన్, అడ్రసు 12 పాయింట్లు, అన్నీ ప్లేఫెయిర్‌లోనే. లేజరు ప్రింటు తీసి చూపిస్తే కస్టమరు ఓకే. కార్డులు కొట్టాక చూస్తే వెన్యూ అన్న మాటలో మొదటి స్మాల్ ‘ఈ’ బాగానే ఉంది, చివరి ‘ఈ’ మాత్రం ‘సీ’ అయిపోయింది. అడ్డగీత లేదు. ఇంకో వరుసలో క్యాపిటల్ ‘హెచ్’ రెండు ‘ఐ’లుగా విడిపోయింది. అన్నీ పోయి ఉంటే ఫాంటు తప్పని వెంటనే అర్థమయ్యేది. కొన్ని పోయి కొన్ని ఉండటంతో ఎమల్షన్ (మెష్‌ను మూసే పూత) మీద, ఎక్స్‌పోజింగ్ (ఆ పూతకు వెలుగు చూపడం) మీద, స్క్వీజీ (ఇంకు నెట్టే రబ్బరు) పట్టుకున్న కుర్రాడి మీద తలా ఒక నింద పడింది.

కారణం లెక్కలో ఉంది. ఫాంటులో ఒక ‘ఈ’ని 100 పాయింట్లలో పెట్టి, కర్వ్స్ చేసి (అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చి), అడ్డగీత మందం కొలవండి. ఉదాహరణకు 2.5 పాయింట్లు వచ్చిందనుకుందాం. అంటే 12 పాయింట్లలో అది 0.3 పాయింట్లు. పాయింటుకు 0.353 మిల్లీమీటర్లు కాబట్టి సుమారు 0.106 మి.మీ. ఇప్పుడు మెష్ సంగతి. సెంటీమీటరుకు 120 దారాల మెష్ అంటే ఒక దారం నుంచి పక్క దారానికి 0.083 మి.మీ. మన గీత వెడల్పు ఒక్క దారం దూరానికి కాస్త ఎక్కువ, అంతే. అడ్డగీత దారానికి సమాంతరంగా వెళ్తుంది. దారం మీద పడిందా, ఇంకు దిగే కన్నం సగం మూసుకుపోయి గీత తెగుతుంది. రెండు దారాల మధ్య పడిందా, బతికిపోతుంది. అందుకే ఒకే మాటలో ఒక ‘ఈ’ ఉంది, ఇంకో ‘ఈ’ లేదు. కుర్రాడి తప్పేమీ లేదు.

గీత నమ్మకంగా దిగాలంటే కనీసం మూడు దారాల వెడల్పు ఉండాలని పెట్టుకున్నాను. 120 మెష్‌కు అది 0.25 మి.మీ., అంటే 0.7 పాయింట్లు. పై ఉదాహరణ లెక్కన అక్షరం 28 పాయింట్లు ఉండాలి. బంగారు ఇంకయితే ఇంకా కష్టం. మెటాలిక్ ఇంకులో రేణువులు పెద్దవి, అందుకని ముతక మెష్ వాడతారు. 90 దారాల మెష్ తీసుకుంటే మూడు దారాలకు 0.33 మి.మీ. అవుతుంది, అక్షరం 38 పాయింట్ల దాకా వెళ్లాలి. పేర్లు బాగా వచ్చి అడ్రసు చెడిపోవడం వెనుక ఉన్న రహస్యం ఇదే. 40 పాయింట్ల పేరు గట్టు దాటింది, 12 పాయింట్ల అడ్రసు మునిగింది.

దీనికి ముందు మెట్టులో ఇంకో చిల్లు ఉంది. పాజిటివ్‌ను (ఫ్రేము మీద వెలుగును అడ్డుకునే నల్ల అక్షరాల నకలును) ట్రేసింగ్ పేపరు మీద 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల, లేజరులో తీస్తే ఒక్కో చుక్క 0.042 మి.మీ. మన అడ్డగీతకు వచ్చేది రెండు మూడు చుక్కలే. టోనరు ఒక చోట పలచబడితే కాంతి అందులోంచి దూరి ఎమల్షన్‌ను గట్టిపరుస్తుంది. అక్కడ గీత ఫ్రేములోనే పుట్టదు. ఎక్స్‌పోజింగ్ కొంచెం ఎక్కువైనా ఇంతే, గీత అంచుల కిందికి వెలుగు పాకి దాన్ని మూసేస్తుంది. ఫిల్మ్ పాజిటివ్ తీయిస్తే ఈ భాగం సర్దుకుంటుంది, దారం గొడవ మాత్రం మిగిలే ఉంటుంది. పాజిటివ్‌ను ఫ్రేము మీద తిన్నగా అంటించకుండా 15 డిగ్రీల నుంచి 22 డిగ్రీల వరకు వాల్చి అంటిస్తే అడ్డగీతలు దారాన్ని కోసుకుంటూ పోతాయి గానీ దాని వెంట పోవు. మొత్తం గీత మాయం కాదు. అంచు కాస్త రంపంలా వస్తుంది, చదవడానికి మాత్రం ‘ఈ’ ‘ఈ’గానే ఉంటుంది. ఫ్రేము పెద్దది పట్టాలి, కార్డు పెట్టే స్టాపర్లు కూడా అదే వాలులో పెట్టుకోవాలి. సీజన్లో ఇది ఎవరు చేస్తారన్నది వేరే ప్రశ్న.

ఇలా చెడిపోయినప్పుడు మొదట అందరూ చేసే పని బోల్డ్‌కు మారడం. నేనూ చేశాను, దండగ. ఈ ఫాంటులో బోల్డ్ అంటే లావు గీత ఇంకా లావవుతుంది, సన్నగీత దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అంతకన్నా లావైన ‘బ్లాక్’ రకానికి వెళ్తే తేడా ఇంకా ముదురుతుంది. పోయేది బలంగా పోతుంది, అంతే.

రెండో చిట్కా అక్షరానికి అదే రంగులో అవుట్‌లైన్ ఇవ్వడం. ఇది పనిచేస్తుంది, హద్దులో ఉంటే. 0.2 పాయింట్ల అవుట్‌లైన్ ఇస్తే గీతకు అటు 0.1, ఇటు 0.1 కలుస్తుంది. 0.3 ఉన్న సన్నగీత 0.5 అవుతుంది, లావు గీతలో తేడా కంటికి ఆనదు. దాన్ని 0.7కు తేవాలని 0.4 ఇచ్చారంటే మాత్రం 12 పాయింట్ల ‘ఈ’ కన్ను పూడుకుపోతుంది. తెగిన ‘ఈ’కి బదులు ముద్దైన ‘ఈ’ వస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేరు కోరల్‌డ్రాలో ఇచ్చేటప్పుడు మూల గుండ్రంగా ఉండే రౌండ్ జాయిన్ పెట్టండి. లేకపోతే సెరిఫ్ (గీత చివర ఉండే చిన్న అడ్డు) కొసల్లో ముళ్లు లేస్తాయి. ‘స్కేల్ విత్ ఆబ్జెక్ట్’ టిక్ పెట్టడం కూడా మరవొద్దు. టిక్ లేకుండా డిజైన్‌ను సగానికి తగ్గిస్తే అక్షరం తగ్గి అవుట్‌లైన్ తగ్గకుండా మిగిలిపోతుంది. ఆ ముద్ద ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవడానికి సాయంత్రం పడుతుంది.

మూడోది నిజమైన మందు, ఆలస్యంగా దొరికింది. అదే డిజైనర్ తర్వాత ‘ప్లేఫెయిర్’ అని, వెనుక డిస్‌ప్లే అన్న మాట లేకుండా, కొత్త ఫాంటు విడుదల చేశారు. ఇది వేరియబుల్ ఫాంటు, అంటే ఒకే ఫాంటులో అక్షరం ఆకారాన్ని మీటతో మార్చుకోవచ్చు. ఇందులో ఆప్టికల్ సైజు అనే మీట ఉంది, 5 నుంచి 1200 దాకా. మీట కిందికి దించితే సన్నగీత బలపడుతుంది, అక్షరం కాస్త వెడల్పై తెరుచుకుంటుంది. పైకి జరిపితే వెంట్రుకవాసి. అడ్రసు లైన్లకు మీట అట్టడుగున పెట్టి 12 పాయింట్లలో కొట్టిస్తే ‘ఈ’లు నిలబడ్డాయి. ఫ్యాషన్ పత్రికల ఫాంట్లలో ఈ ఏర్పాటు పాతదే. హార్పర్స్ బజార్ కోసం జోనాథన్ హెఫ్లర్ చేసిన డిడోను ఏడు సైజులకు విడివిడిగా గీశారు, 6 పాయింట్ల నుంచి 96 దాకా. సీసపు అచ్చుల కాలంలో ప్రతి సైజుకూ వేరే పంచ్ (అచ్చుకు మూలమైన ఉక్కు ముద్ర) చెక్కేవారు కాబట్టి అప్పట్లో ఇది వేరుగా చెప్పుకోవాల్సిన గొప్ప కాదు. ఒకే బొమ్మను పెంచి తగ్గించడం కంప్యూటరు తెచ్చిన అలవాటు.

ఈ మందుకూ పథ్యం ఉంది. వేరియబుల్ ఫాంట్లు కోరల్‌డ్రాలో 2020 వెర్షన్ నుంచే పనిచేస్తాయి. పాత ఎక్స్ సిరీస్‌తో నెట్టుకొస్తున్న సెంటర్లలో మీట కనిపించదు. రెండోది, ఫాంటు సైజును బట్టి మీట తనంతట తాను జరిగే సాఫ్ట్‌వేరులో డిజైన్‌ను పెద్ద సైజులో గీసి తర్వాత తగ్గించే అలవాటు ఉంటే మోసపోతారు. 60 పాయింట్లలో కొట్టి కర్వ్స్ చేసి 12కి కుదించారంటే 60కి తగిన సన్నగీతే కుదించుకుపోతుంది. అసలు సైజులో పెట్టాకే కర్వ్స్ చేయాలి. మూడోది, వేరియబుల్ ఫాంట్లలో అక్షరాన్ని కర్వ్స్ చేస్తే ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉండవచ్చు. ప్రింటుకు ఇబ్బంది లేదు గానీ వినైల్ కటింగ్‌కో, అచ్చు బ్లాకుకో పంపితే ఆ లోపలి గీతల మీద కూడా కత్తి నడుస్తుంది. పంపే ముందు ముక్కల్ని ఒకటిగా కలిపే వెల్డ్ కొట్టాలి.

ఫాయిల్ గురించి, అంటే వేడితో మెరుపు రేకు అద్దే పని గురించి, క్లుప్తంగా. ఇక్కడ చిక్కు సన్నగీత ఒక్కదానిదే కాదు, పక్కన లావు గీత ఉండటం. లావు భాగానికి ఫాయిల్ నిండుగా అంటాలంటే వేడి, ఒత్తిడి పెంచాలి. ఆ వేడికి సన్నగీతల పక్కన ఫాయిల్ పాకి కన్నాలు పూడుతాయి. తగ్గిస్తే లావు గీతలో మచ్చలు. ఒకే బ్లాకులో రెండు రకాల గీతలు ఉండటం ఈ తరహా ఫాంటు స్వభావం కాబట్టి తప్పించుకునే దారి లేదు. నున్నటి బోర్డు మీద పేర్లకు సరే. గరుకు టెక్స్చరు బోర్డు మీద మాత్రం సన్నగీత గుంటల్లో పడి చుక్కలవుతుంది.

పైన ఆఫ్‌సెట్‌లో ఫిర్యాదు లేదన్నాను కదా. అది తెల్ల కాగితం మీద ముదురు అక్షరానికి. మెరూన్ నేల మీద తెల్ల అక్షరం వదలమంటే కథ మారుతుంది. నాలుగు రంగులతో వచ్చిన మెరూన్‌లో నాలుగు ప్లేట్లూ అదే సన్నగీతను ఖాళీగా వదలాలి. ఒక్క ప్లేటు 0.1 మి.మీ. జరిగితే 0.1 మి.మీ. గీత ఆ రంగుతో నిండుతుంది. దీపావళికి నగల దుకాణాల కరపత్రాలు దాదాపు అన్నీ ఈ రంగుల్లోనే అడుగుతారు. మెరూన్‌ను విడి స్పాట్ రంగుగా కలిపించుకుంటే రిజిస్ట్రేషన్ గొడవ, అంటే ప్లేట్లు ఒకదానితో ఒకటి కుదరని గొడవ, పోతుంది. లేదంటే చిన్న అక్షరాలకు వేరే ఫాంటు చూసుకోవాలి.

అంకెలు చిన్న ఫిర్యాదు అనుకునేవాణ్ని, పెళ్లిపత్రికల్లో చిన్నది కాదు. ఈ ఫాంటు మామూలుగా పాతతరహా అంకెలు ఇస్తుంది. 0, 1, 2 స్మాల్ అక్షరాల ఎత్తులోనే ఆగిపోతాయి. 3, 4, 5, 7, 9 కిందికి దిగుతాయి. 6, 8 పైకి లేస్తాయి. వాక్యం మధ్యలో ముచ్చటగా ఉంటుంది. సుముహూర్తం 10-12కి అని పెడితే మొత్తం సమయం కుంచించుకుపోయినట్టు, 9-47కి పెడితే మూడంకెలూ కింద వేలాడినట్టు కనిపిస్తుంది. "అంకెలు కిందికి జారాయండీ, సరిచెయ్యండి" అని ఫోన్. అది జారడం కాదని వివరించే బదులు అన్నీ ఒకే ఎత్తులో ఉండే లైనింగ్ అంకెలకు మార్చడం తేలిక. ఫాంటులోనే ఉన్నాయి. ఇల్లస్ట్రేటర్‌లో ఓపెన్‌టైప్ ప్యానెల్, కోరల్‌లో ఎక్స్6 నుంచి టెక్స్ట్ ప్రాపర్టీస్, వర్డ్‌లో ఫాంట్ అడ్వాన్స్‌డ్ పేజీలో నంబర్ ఫారమ్స్. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్ల కోసం ఇంకా పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ 7లోనే మ్యాటరు పెట్టేవాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే, దానికి ఈ ఓపెన్‌టైప్ సదుపాయాలు తెలియవు. తేదీ, సమయం మాత్రం కోరల్‌లో కొట్టి కర్వ్స్ చేసి తెచ్చి అతికించుకోవాలి.

తెలుగు పక్కన ఎలా ఉంటుంది? ప్లేఫెయిర్‌లో తెలుగు అక్షరాలు లేవు, జత మనమే వెతకాలి. నోటో సెరిఫ్ తెలుగులో లావు–సన్నం తేడా ఉంది కాబట్టి కొంత కలుస్తుంది. టిరో తెలుగు ఇంకా పుస్తకపు తీరులో, నిదానంగా ఉంటుంది, లోపలి మ్యాటరుకు బాగుంది. ఏదైనా ప్లేఫెయిరంత కోతగా ఉండదు, ఉండకూడదనే నా అభిప్రాయం. మన అక్షరం గుండ్రంగా తిరుగుతుంది, తిరిగే చోట గీతను వెంట్రుకంత చేస్తే తలకట్టు ఊడిపోయి గాల్లో తేలినట్టుంటుంది. సైజు సమానంగా పెట్టకండి. ఇంగ్లిషు 24 అయితే తెలుగు 21, 22 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూసుకోవాలి. వరుసల మధ్య దూరం మాత్రం తెలుగు లెక్కనే. ఇంగ్లిషును దగ్గరగా పేర్చవచ్చని పైన మెచ్చుకున్నది ఒత్తులున్న వరుస పక్కకు వస్తే చెల్లదు. శ్రీలక్ష్మి అన్న ఒక్క మాట చాలు పై వరుసా కింది వరుసా గుద్దుకోవడానికి.

బోర్డులకు ఈ ఫాంటు కోరే బొటిక్‌లవాళ్లతో వాదన ఇంకా తెగలేదు. ఫ్లెక్స్ వరకు పర్వాలేదు, దగ్గర నుంచి చూసే షాపు ముందు బోర్డయితే. బెంజ్ సర్కిల్ దగ్గర బండి మీద పోతూ చదవాల్సిన హోర్డింగుకైతే సన్నగీతలు దూరానికి కరిగి నిలువు కర్రలు మాత్రం మిగులుతాయి. లోపల ఎల్‌ఈడీ ఉండే అక్రిలిక్ అక్షరాలకు అసలు వద్దు. 18 అంగుళాల అక్షరంలో కూడా సన్నగీత అంగుళం వెడల్పు రాదు. దాని లోపల మాడ్యూల్ కూర్చోదు, రాత్రి సగం అక్షరమే వెలుగుతుంది. మంగళగిరి చీరలకు వేలాడే ట్యాగుకు, అదీ అట్ట మీద ఆఫ్‌సెట్‌లో కొడితే, ఇదే ఫాంటు ముచ్చటగా ఉంటుంది. అదే పేరును నేత లేబులుగా అడిగారంటే మళ్లీ దారం కథే.

నా పనిలో పెళ్లిపత్రికలు ఎక్కువ, అందులో స్క్రీన్ ప్రింటింగ్ ఎక్కువ. కాబట్టి నా మాటను ఆ తూకంలోనే తీసుకోండి. వెబ్‌సైట్లు, ఇన్‌స్టా పోస్టులు చేసేవాళ్లకు నేను చెప్పిన కష్టాల్లో అంకెల గొడవ తప్ప ఏదీ తగలకపోవచ్చు. బ్రోచర్లు ఆర్ట్ పేపరు మీద కొట్టించేవాళ్లు నా కోపం చూసి నవ్వుకోవచ్చు కూడా. నా దగ్గర దీన్ని తీసెయ్యలేదు. పేర్లు ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో, 40 పాయింట్లకు తగ్గకుండా. అడ్రసు, వెన్యూ అట్టడుగు ఆప్టికల్ సైజులో ప్లేఫెయిర్‌తో. పాత కోరల్ ఉన్న సెంటరుకు పంపేటప్పుడు అదీ కర్వ్స్ చేసి, పక్కన మెష్ నంబరు రాసి. ‘ఈ’ ఉన్న పేరు వస్తే మొదటి కార్డు ఆరాక, మిగతావి కొట్టకముందే, ఒకసారి భూతద్దం పెట్టి చూస్తున్నాను.